గాజుకి అంటిన రవ్వలు

"ఒకవేళ సూది గుచ్చే సిస్టర్ ఇవాళ సెలవు పెడితేనో?"

ఇంకా గడప దాటలేదు. తాళం తల్లి చేతిలోనే ఉంది. కూతురు చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ, తల ఎత్తకుండానే, "ఇంకో సిస్టర్ గుచ్చుతుంది" అంది.

"ఆవిడకి నీ నరం ఎక్కడుందో తెలియదు కదే."

"నా నరం నా చేతిలోనే ఉంటుందమ్మా, ఎక్కడికి పోతుంది? వెతుక్కుంటుంది."

"అదే నేననేది. వెతుకుతూ వెతుకుతూ నాలుగు చోట్ల పొడిస్తే?"

తల్లి తలుపు వేసి, తాళం తిప్పి, రెండుసార్లు లాగి చూసింది. తాళం తిప్పే పని ఏడాదిన్నరగా ఆమెదే. కూతురి వేళ్ల కణుపులు వాచి, తాళంచెవిని పట్టుకోగలవు గానీ తిప్పలేవు.

మెట్లు దిగుతూ దిగుతూ కూతురు మధ్యలో ఆగింది. "అమ్మా, ఒక్కమాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఇవాళ అక్కడ నువ్వు నోరు తెరవకూడదు."

"నేనేం చేశాను?"

"మొదటిసారి వెళ్లినప్పుడు నేల తడిగా ఉందని ఊడ్చే ఆవిడ చేత రెండుసార్లు తుడిపించావు. రెండోసారి లిఫ్టు అబ్బాయిని తాడు ఎన్నేళ్ల నాటిదని అడిగావు. మూడోసారి నేను సాయంత్రం ఒక్క తుమ్ము తుమ్మితే పదకొండుసార్లు ఫోన్ చేశావు. వాళ్లు నీకు పేరు కూడా పెట్టారు, తెలుసా?"

"ఏం పేరు?"

"ఒకవేళమ్మ."

తల్లికి నవ్వొచ్చింది, మరుక్షణం తల కొట్టేసినట్టయింది. "నన్నేనా?"

"నిన్ను కాక పక్కింటి పిన్నినా? నేను ఆ కుర్చీలో కూర్చుని వినాలి అవన్నీ."

"సరే, నోరు కుట్టేసుకుంటాను."

"ఒట్టా?"

"ఒట్టే. నీ మీద మాత్రం వేయను, ఏమన్నా అయితే? నా మీదే వేసుకుంటున్నా."

సిస్టర్ సెలవు పెట్టలేదు. ఆసుపత్రి మూడో అంతస్తులో, కిటికీ పక్క కుర్చీ దగ్గర, వేణ్నీళ్లలో ముంచిన తువ్వాలు పిండి సిద్ధంగా పెట్టుకుంది. ఆ తువ్వాలు ముంజేతికి చుట్టి కాసేపుంచితే దాక్కున్న నరం పైకి తేలుతుంది. "పొద్దున్న ఇద్దరికి ఎక్కించేశాం, నువ్వు మూడోదానివి" అంది కూతురితో. తల్లి వైపు చూసి, "ఏంటమ్మా, ఇవాళ మౌనవ్రతమా?" అని కూడా అంది. తల్లి తలూపి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సిస్టర్ ఒక్క పోటులోనే కూతురి చేతికి సూది పెట్టేసింది. ఒక భయం తీరింది కాబట్టి రెండోదాని కోసం ఆమె కళ్లు గదంతా వెతకసాగాయి.

ఈ మందు సంగతి పెద్ద డాక్టరు మొదటిరోజే ఆమెకి అర్థమయ్యేలా చెప్పాడు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలు మతి తప్పి, ఇంట్లో వాళ్లనే దొంగలనుకుని కొడుతున్నాయి. వేళ్లు వాచేది అందుకే. ఆ కాపలా కణాల్ని శాంతపరిచే మందు ఒకటుంది గానీ, ఉత్తినే పంపితే చేరేలోపే నాశనమైపోతుంది. అందుకని వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉండే కొవ్వు బుడగల్లో మూటగట్టి పంపుతారు. నానో అంటారట. కాపలా కణాలు ఆ బుడగల్ని తిండనుకుని మింగుతాయి. మింగాక లోపల మూట విప్పుకుంటుంది. మందు ఇంకా పరీక్షల్లోనే ఉంది, ముప్పైమందిని ఎంచుకుని ఇస్తున్నారు. మూడు వారాలకొకటి చొప్పున ఆరు సీసాలు. చెప్పిన రోజున ఎక్కించాలి. కుదరకపోతే రెండురోజుల గడువు. అది దాటితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

మూడు సీసాలు ఎక్కాయి. కూతురు కళ్లద్దాల కొట్లో పనిచేస్తుంది. పోయిన వారం, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి, ఒక ఫ్రేముకి తనే మర బిగించింది. నువ్వుగింజలో సగం ఉంటుంది ఆ మర. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే, తల్లి "మరీ గట్టిగా బిగించావేమో, అద్దం పగిలితేనో" అంది గానీ, వంటింట్లోకి వెళ్లి మొహం కడుక్కుని మరీ వచ్చింది.

చల్లపెట్టె వచ్చింది. సిస్టర్ అందులోంచి సీసా తీసి, చీటీ మీద పేరు చదివి, కూతురి చేత చెప్పించుకుని, గొట్టం గుచ్చి, సీసాని తలకిందులు చేసి స్టాండుకి తగిలించింది. వెన్న తీసిన పాలలో నీళ్లు కలిపితే నీలంగా ఒక రంగొస్తుంది చూడండి, ఆ రంగు. పోయిన మూడుసార్లూ అదే రంగు.

సీసా తిరగేసినప్పుడు మందు గాజు మీంచి కిందికి జారింది. జారిన చోట చిన్న చిన్న తెల్లటి రవ్వలు మిగిలాయి. గుండుసూది మొన అంతవి. కిటికీ వెలుతురు వెనక నుంచి పడటంతో తల్లికి కనిపించాయి.

కాళ్ల వైపు చూసుకుంది. ఒట్టు వేసింది కదా. సిస్టర్ గొట్టంలో గాలి పోయేదాకా చుక్కలు వదిలింది. కూతురు ఓరకంట తల్లిని చూసి, "చూశావా, నువ్వు మాట్లాడకపోతే పని ఎంత త్వరగా అవుతుందో" అన్నట్టు కనుబొమ్మ ఎగరేసింది.

భయం వేస్తే ఆమెకి ముందు కడుపులో తెలుస్తుంది. ఆ భయాలతో నలభై ఎనిమిదేళ్లు కాపురం చేసింది, వాటి రాక ఆమెకి తెలుసు. ఇది కడుపులో లేదు. సంచి మీద పెట్టిన కుడిచేయి, ఆమెని అడక్కుండానే, మణికట్టు దగ్గర ఇటు నుంచి అటు వంగింది.

పాల కేంద్రంలో పద్దెనిమిదేళ్లుగా ఆ చేతికి అదే పని. క్యాను మూత తీయడం, పొడుగు గరిటె అడుగుదాకా దించి రెండుసార్లు కలపడం, గాజుగొట్టంలోకి కాస్త తీసి వెలుతురుకి పెట్టి మణికట్టు వంచడం. పాలు గాజు మీంచి ఎలా జారతాయో చూడాలి. నీళ్లు కలిసినవి తొందరగా జారిపోతాయి. మంచివి పల్చటి తెరలా, ఏకంగా దిగుతాయి. చల్లబరిచే తొట్టె అంచున గడ్డకట్టి మళ్లీ కరిగినవి మాత్రం దిగుతూ దిగుతూ రవ్వలు వదిలిపెడతాయి. అలాంటి క్యాను మీద ఆమె సుద్దముక్కతో గీత గీస్తే ఇక ఎవరూ ముట్టుకోరు.

సిస్టర్ గొట్టం కొసని కూతురి చేతికున్న సూదికి తగిలించి, మీట తిప్పబోయింది.

"ఆపండి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. లేచి వెళ్లి గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంది.

"అమ్మా!" అంది కూతురు.

"సిస్టర్, ఆ సీసా గడ్డకట్టి కరిగింది."

"చల్లపెట్టెలోంచి ఇప్పుడే కదమ్మా తీశాను? చల్లగా ఉంటుంది. గడ్డకట్టడం ఏంటి?"

"రవ్వలున్నాయి చూడండి. పైన, గాజుకి."

సిస్టర్ చూసింది. చూసి, చిన్న డాక్టరుకి ఫోన్ చేసింది. అతను ఒక చేతిలో ఫోను, మరో చేతిలో టీ కప్పుతో వచ్చాడు. కూతురికంటే నాలుగైదేళ్లు పెద్దవాడై ఉంటాడు.

"ఈసారి ఏంటమ్మా?"

"దీంట్లో రవ్వలున్నాయి బాబూ."

"కొవ్వుతో చేసిన మందమ్మా. పాలలాగే ఉంటుంది, అలాగే కనిపిస్తుంది."

"పోయిన మూడుసార్లు కనిపించలేదు."

"పోయినసార్లు మీరు సీసా చూశారా, లిఫ్టు తాడు చూశారా?"

పక్క కుర్చీలో ఎవరో కిసుక్కుమన్నారు. కూతురు కళ్లు మూసుకుంది.

చిన్న డాక్టరు కొంచెం మెత్తబడి, గొట్టం మధ్యలో ఉన్న గుండ్రటి బిళ్ల చూపించాడు. "ఇది జల్లెడ. ఒకవేళ మీరన్నట్టు ఏవైనా ఉన్నా ఇక్కడే ఆగిపోతాయి. మీ అమ్మాయికి ఏమీ కాదు. సరేనా?"

"ఆగేదేంటి బాబూ?"

"అంటే?"

"జల్లెడలో ఆగేది మట్టి కాదు కదా. మందే కదా. అది ఇక్కడే ఆగిపోతే పిల్ల ఒంట్లోకి పోయేదేంటి, నీళ్లా?"

అతను టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. "మీరేం పని చేస్తారమ్మా?"

"పాల కేంద్రంలో పాలు చూస్తాను."

"నేనొచ్చి మీ పాలు విరిగాయని చెబితే మీకెలా ఉంటుంది?"

"రండి బాబూ, చూపిస్తాను. రెండురోజులు చూస్తే మీరే చెప్పేస్తారు."

ఆమె వెటకారానికి అనలేదు. కానీ పక్క కుర్చీలో మళ్లీ నవ్వు వినిపించింది. చిన్న డాక్టరు మొహం గంటు పెట్టుకుని, బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. అమ్మాయి మేజరు కాబట్టి అమ్మాయే సంతకం చేయాలి. ఇవాళ వద్దంటే వద్దన్నట్టు రాయాలి. ఎల్లుండి సాయంత్రం ఐదులోపు ఇంకో సీసా వస్తే సరి. రాకపోతే తన చేతుల్లో ఏమీ లేదు. తయారుచేసే చోట ఉందో లేదో కూడా తనకి తెలియదు.

"చెయ్యి తియ్యమ్మా" అంది కూతురు, పళ్లబిగువున. "నాకు మాటిచ్చావు."

"ఇచ్చాను."

"మరి తియ్యి."

తల్లి తియ్యలేదు. నొక్కిన వేళ్లు తెల్లబడిపోయాయి. అందరూ చూస్తున్నారు. కూతురు ఆ వేళ్లని చూసింది, కిటికీ బయటికి చూసింది, తర్వాత కలం అడిగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలవక, పిడికిట్లో పట్టుకుని పెట్టింది సంతకం. పేరులో ఆఖరి అక్షరం సగంలోనే ఆగింది.

కారణం అన్న గడిలో చిన్న డాక్టరు రాస్తుంటే తల్లి వంగి, కూడబలుక్కుని చదువుకుంది. 'రోగి తల్లికి భయం వల్ల.'

"భయం కాదు బాబూ, రవ్వలు అని రాయండి."

"అంత చోటు లేదమ్మా ఇక్కడ."

వద్దన్న మందు పసుపుపచ్చ డబ్బాలో పడేయాలి. గుమ్మం దాకా వచ్చి తల్లి వెనక్కి చూస్తే, సిస్టర్ ఇంకా డబ్బా మూత తెరవలేదు. సీసాని కిటికీకి ఎదురుగా ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూస్తోంది.

*

కూతురు బస్సులో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాట్లాడలేదు. కంచం ముందు పెడితే తింది, తీస్తే లేచింది. అరిస్తే బాగుండునని తల్లి అనుకుంది. అరిస్తే తిరిగి ఏదో ఒకటి అనవచ్చు, ఏడవవచ్చు. "నా మీద కోపంగా ఉందా?" అని రెండుసార్లు అడిగింది. గోడని అడిగినట్టే ఉంది.

మర్నాడు కేంద్రానికి వెళ్లింది. క్యాన్లు దిగుతున్నాయి. తూకం దగ్గర కూర్చునే అన్నయ్య, ఆమెకంటే ముందు నుంచీ అక్కడ పనిచేసే మనిషి, ఆమెని చూడగానే "ఏం చెల్లెమ్మా, ఆకాశం ఇవాళ విరిగి పడుతుందా, రేపటికి వాయిదా వేసిందా?" అన్నాడు. రోజూ అనేదే. రోజూ ఆమె, "నవ్వండి నవ్వండి, పడ్డప్పుడు తెలుస్తుంది" అంటుంది. ఇవాళ నేరుగా వెళ్లి గరిటె అందుకుంది.

పన్నెండు క్యాన్లు చూసింది. పదమూడోదానికి చేయి ఆగింది. తన కంటి మీద తనకే అనుమానం వచ్చింది. అది నిజంగా రవ్వేనా? గాజులోనే ఏదైనా మచ్చేమో. సూది పెట్టేముందు పూసిన స్పిరిట్ చిందిందేమో. బిడ్డ వేళ్లు తేరుకుంటున్న వేళ, తన చేతులతో తానే అడ్డం పడిందేమో. ఇన్నాళ్లూ కూతురికి ఏదో అవుతుందని భయపడింది. తన వల్ల అవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆ భయం ఆమెకి అలవాటు లేదు.

రెండు గాజుగొట్టాలు తీసుకుని చల్లబరిచే గదిలోకి వెళ్లింది. తొట్టె అంచున పలక మీద పేరుకున్న పాలగడ్డని గోకి ఒక గొట్టంలో వేసి, అరచేతుల మధ్య పెట్టుకుని కరిగించింది. రెండోదాంట్లో మంచిపాలు పోసింది. నీలపు రంగు రావాలని రెంటిలోనూ నీళ్లు కలిపింది. రెండింటినీ పక్కపక్కన వెలుతురుకి పెట్టి వంచింది. ఒకటి ఏకంగా దిగింది. రెండోది రవ్వలు వదిలింది.

అదే. అచ్చం అదే.

"ఏంటి చెల్లెమ్మా, పాలలో నువ్వే నీళ్లు కలుపుతున్నావు?" గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు.

ఆమె గొట్టాలు రెండూ అతని ముందు పెట్టింది. "గడ్డకట్టి కరిగినది ఏది, చెప్పండి."

అతను కళ్లజోడు పైకి తోసి చూశాడు. "రెండూ ఒకలాగే ఉన్నాయి కదా. నువ్వు చెబితే నమ్ముతాం గానీ, ఆ తేడా మాకెక్కడ కనిపించి చచ్చింది?"

మామూలుగా అయితే ఆ మాటకి పొంగిపోయేది. ఇప్పుడు గుండెల్లో రాయి పడింది. పద్దెనిమిదేళ్లు తన మాట మీద క్యాన్లు వెనక్కి పంపారు. తప్పు చెప్పి ఉంటే పట్టుకునేవాళ్లే లేరన్నమాట.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి కూతురు కిటికీ దగ్గర పాత కళ్లద్దాల ఫ్రేము ఒకటి పెట్టుకుని మర బిగిస్తోంది. మర జారి కింద పడింది. తల్లి వంగి వెతికి, వేలి కొసకి అంటించుకుని ఇచ్చింది. కూతురు తీసుకుంది. మళ్లీ జారింది. ఈసారి కూతురే కాలితో పక్కకి తోసేసి లేచి వెళ్లిపోయింది.

*

మూడోరోజు మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ వచ్చింది. నాలుక్కల్లా రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. "పేరు కొట్టేశామని చెప్పడానికైతే ఫోన్‌లోనే చెప్పేవాళ్లు కదా? లేక కాగితాల మీద సంతకాలు కావాలనేమో?" తల్లి తాళం వేస్తూ అడిగింది. కూతురు అప్పటికే మెట్లు దిగుతోంది.

బస్సు దొరక్క, దొరికింది మధ్యలో ఆగిపోయి, వాళ్లు మూడో అంతస్తు చేరేసరికి నాలుగున్నరవుతోంది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. సిస్టర్ తువ్వాలు ముంచి పెట్టింది. చిన్న డాక్టరు గోడకి ఆనుకుని, కలం మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. కుర్చీ పక్కన స్టూలు మీద, ఒళ్లో చల్లపెట్టె పెట్టుకుని, ఒక యాభయ్యేళ్ల ఆవిడ కూర్చుని ఉంది. మణికట్ల మీద చేతితొడుగులు బిగిసిన గీతలు ఇంకా పోలేదు.

"ఈవిడే మందు తయారుచేసేది" అంది సిస్టర్.

ఆవిడ లేచింది. "మొన్న సీసా ఆపింది మీరేనా?"

తల్లి చేతిసంచిని దగ్గరికి హత్తుకుంది. "నేనే అమ్మా. తప్పయితే నాది. పిల్లది కాదు. దాని పేరు మాత్రం..."

"కూర్చోండి. సిస్టర్ ఆ సీసా పారేయకుండా నాకు పంపింది. మా యంత్రంలో పెట్టి చూశాను. బుడగలన్నీ చిట్లి, గుంపులు గుంపులుగా అతుక్కుపోయి ఉన్నాయి."

ఆవిడే మళ్లీ చెప్పింది. పెట్టెలో మంచు ఇటుకలకీ సీసాలకీ మధ్య ఒక అట్ట పెట్టాలి. సర్దేచోట కొత్తగా చేరినతను, ఎండలు ముదిరాయి కదా, మందు ఇంకాస్త చల్లగా ఉంటే మంచిదని, ఆ అట్ట తీసేసి ఆ సందులో ఇంకో రెండు ఇటుకలు పెట్టాడు. మంచికే చేశాడు. సీసాలు గడ్డకట్టి, దారిలో కరిగి, ఇక్కడికి చేరేసరికి మామూలుగా కనిపించాయి.

"అయితే పొద్దున్న ఎక్కించిన ఆ ఇద్దరికి?" తల్లి నోట్లోంచి ముందు వచ్చిన మాట అది.

"చలిజ్వరం వచ్చింది. నిన్నటికి తగ్గింది. ప్రమాదం లేదు. కానీ ఆ మోతాదు వాళ్లకి లేనట్టే."

తల్లి చిన్న డాక్టరు వైపు తిరిగింది. "బాబూ, ఆ కాగితం మీద..."

"అది అప్పుడే పైకి వెళ్లిపోయిందమ్మా. మార్చడానికి వీల్లేదు." అతను కలం జేబులో పెట్టుకుని, ఆమె మొహంలోకి చూడకుండా, "కింద ఇంకో ముక్క రాసి పంపాను" అన్నాడు.

ఏం రాశాడో ఆమె అడగలేదు. అడగబోయేలోపే మందు చేసే ఆవిడ పెట్టె మూత తీసి, సీసాని రెండు చేతులా ఆమెకి అందించింది.

"ఇది ఒక్కటే ఉంది. మొన్నటి నుంచి కూర్చుని చేశాం. నేనే ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. బయలుదేరేటప్పుడు యంత్రంలో బాగానే ఉంది. దారిలో ఏమైనా అయిందేమో ఇక్కడ చూడటానికి యంత్రం లేదు. తెరిచి చుక్క తీద్దామంటే తర్వాత ఎక్కించడానికి పనికిరాదు. మొన్నటి సీసా నేను కూడా వెలుతురుకి పెట్టి చూశానమ్మా. రవ్వలున్నాయని తెలిసి చూస్తే గానీ నాకు కనపడలేదు. మీరు చూసి చెప్పండి."

సీసా చల్లగా, తేలిగ్గా ఉంది. ఇంత తేలికా అనుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లింది. నలుగురూ ఆమె వీపు వైపు చూస్తున్నారని తెలుస్తోంది. ఇన్నేళ్లుగా ఆమె ఏది వచ్చి పడుతుందో అని అడుగుతూ ఉంటే, ఎవరో ఒకరు ఏం కాదులెమ్మా అంటూ వచ్చారు. విసుక్కుంటూ అన్నా, నవ్వుతూ అన్నా, ఆ మాట అనే మనిషి ఒకరుండేవారు. ఇప్పుడు ఆ మాట అనాల్సింది ఆమే. బాగాలేదంటే బిడ్డ పేరు పోతుంది. బాగుందని పొరపాటున అంటే, ఆ పొరపాటు బిడ్డ నరంలోకి వెళుతుంది.

మణికట్టు వంచింది. మందు జారింది. కళ్లు చెమర్చాయేమో, గాజంతా మసకగా కనిపించింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, సీసాని నిలువుగా పట్టుకుని ఆగింది. తొందరపడితే తెలియదు, తెర దిగేదాకా ఉండాలి. మళ్లీ వంచింది. గోడ మీద గడియారం ఐదుకి పన్నెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చిన్న డాక్టరు ఏదో అనబోతే సిస్టర్ చెయ్యెత్తి ఆపింది. వేణ్నీళ్ల తువ్వాలు చల్లారిపోతోంది. తల్లి మూడోసారి వంచి, తెర పైనుంచి కిందిదాకా దిగే వరకు రెప్ప వేయలేదు.

"అమ్మా" అంది కూతురు.

రెండురోజుల తర్వాత అదే మొదటి మాట. తల్లి వెనక్కి తిరగలేదు.

"అమ్మా, నువ్వేమంటే అదే. బాగాలేకపోతే బాగాలేదను. ఇంటికి వెళ్లిపోదాం."

తల్లి సీసాని ఇంకొక్కసారి వెలుతురుకి ఎత్తి, పైగాజు ఎక్కడా ఏమీ అంటకుండా తేటగా అయ్యేదాకా చూసి, దించింది. వచ్చి సిస్టర్ చేతిలో పెట్టింది. పెట్టాక కూడా కాసేపు వదల్లేదు. తర్వాత వదిలి, కూతురి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"శుభ్రంగా ఉంది తల్లీ" అంది. "చెయ్యి చాపు."